‘ఇన్ ద మూడ్’ బాణీ గ్లెన్ మిల్లర్‌దేనా?

కాదు, 1939లో అమెరికన్ జాజ్ బృందనాయకుడు గ్లెన్ మిల్లర్ బృందం రికార్డు చేసిన ‘ఇన్ ద మూడ్’లోని ప్రధాన బాణీ, ఒక రిఫ్, అంతకు తొమ్మిదేళ్ల ముందే ట్రంపెట్ వాద్యకారుడు వింగీ మనోన్ ‘టార్ పేపర్ స్టాంప్’లో వినిపించింది.

స్వింగ్ కాలపు జాజ్‌లో, అంటే పెద్ద బృందాలు నాట్యానికి వాయించిన 1930–40ల జాజ్‌లో, ఇలా రిఫ్‌లు చేతులు మారడం మామూలే. రిఫ్ అంటే పదేపదే తిరిగి వచ్చే చిన్న స్వరఖండం. పన్నెండు బార్ల (తాళ ఆవర్తాల) బ్లూస్ చట్రం వాద్యకారులందరికీ కంఠతా వచ్చు కాబట్టి, ఒకచోట విన్న రిఫ్ మరోచోట ఇట్టే ఇమిడిపోయేది. బృందాలు మారినప్పుడల్లా వాళ్లు వాటిని వెంట తీసుకువెళ్లేవారు. చాలా రిఫ్‌లు కాగితం మీదికి ఎక్కేవే కావు. రాసి నమోదు చేయించినవారికే హక్కు దక్కేది.

ఈ రిఫ్‌నే చూడండి. తాళం నాలుగు దెబ్బలది, శాక్సఫోన్లు వాయించేవి మూడేసి స్వరాల గుత్తులు. అందుకే ఊనిక ప్రతిసారీ పక్కకు జరుగుతూ పోతుంది, వినేవారి కాలు ఊరుకోదు. 1931లో ఫ్లెచర్ హెండర్సన్ బృందం ‘హాట్ అండ్ యాంక్షస్’లోనూ ఇదే వాయించింది. ఆ తర్వాత శాక్సఫోన్ వాద్యకారుడు జో గార్లండ్ దీన్ని పూర్తి రచనగా మలిచి తన పేరుతో నమోదు చేయించారు.

మిల్లరే స్వరకర్త అని చాలామంది అనుకుంటారు. దొంగిలించాడని మరికొందరు అంటారు. రెండూ తప్పే. స్వరకర్తగా నమోదైన పేరు గార్లండ్‌ది. మిల్లర్ బృందం ఆ పొడవాటి రచనను గ్రామఫోన్ డిస్కు ఒక వైపున పట్టేలా కుదించింది. చివర్లో రిఫ్‌ను అంతకంతకూ సన్నగా తగ్గించి, ఒక్కసారిగా బిగ్గరగా మోగించింది. ఆ పనితనం తక్కువదేమీ కాదు.