గూడేల్లో పరిశోధన అవగాహన సభలు: ఏం కొలవాలి?

ప్రశ్న: ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) రెండో ఏడాది చదువుతున్నాను. ఉట్నూరు ఏజెన్సీలో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త వ్యాధి) పరిశోధన గురించి గూడేల్లో అవగాహన కల్పించే ప్రాజెక్టులో ఇంటర్న్‌షిప్ వచ్చింది. పర్యవేక్షణ, మూల్యాంకనాలకు (ఎం అండ్ ఈ) సూచికలు తయారు చేయమన్నారు. 34 రాస్తే గైడ్ వెనక్కి పంపారు. వీటిలోంచి ఎలా ఎంచుకోవాలి? తర్వాత ఎం అండ్ ఈ ఉద్యోగానికి ఈ పని పనికొస్తుందా?

జవాబు: ఎనిమిదికి మించనివ్వకండి. ప్రతి సూచిక ఎదురుగా ‘ఈ అంకె పడిపోతే వచ్చే నెల ఏం మారుస్తాం?’ అన్న ప్రశ్నకు జవాబు రాయండి. జవాబు దొరకనివి కొట్టేయండి. పంచిన కరపత్రాలు, సభకు వచ్చిన జనం లాంటివి చాలావరకు అక్కడే పోతాయి. జరిగిన సభల సంఖ్య మాత్రం ఉంచుకోండి. పని నడుస్తోందని అది చెబుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు.

2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునేది) వేసిన ప్రాజెక్టు ఈ రంగంలోకి వచ్చేవాళ్లందరికీ తెలియాలి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వాటిపై హాస్టల్ వార్డెన్లే సంతకం చేశారని, 1,948 వాటిపై వేలిముద్రలు ఉన్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తన నివేదికలో రాసింది. ‘పూర్తయిన సమ్మతి పత్రాలు’ అని లెక్కవేస్తే ఇవన్నీ విజయం కిందే జమ అవుతాయి. తల్లిదండ్రులకు ఏం చెప్పారో, వాళ్లకు ఏం అర్థమైందో ఆ లెక్కలో కనబడదు.

అందుకే మీ ప్రధాన సూచిక అవగాహనే కావాలి. సభ జరిగిన రెండు వారాలకు నాలుగు విషయాలు అడగండి: ఇది చికిత్స కాదు, పరిశోధన అని తెలుసా, వద్దన్నా పీహెచ్‌సీలో వైద్యం ఆగదని తెలుసా, క్యారియర్‌కూ (జన్యులోపం ఉన్నా జబ్బు లేనివారు) రోగికీ తేడా చెప్పగలరా, సందేహం వస్తే ఎవరిని అడగాలో తెలుసా. ‘అర్థమైందా?’ అని అడిగితే మర్యాదకు అందరూ అయిందనే అంటారు. ‘ఇంట్లోవాళ్లకు ఎలా చెబుతారు?’ అని అడగండి, అదీ గోండిలో. సభ పెట్టినవాళ్లే ఈ ప్రశ్నలు అడగకూడదు. నాలుగింట్లో కనీసం మూడు చెప్పగలిగినవారి సంఖ్య ఈ శాతానికి లవం. హారం దగ్గరే ఎక్కువమంది తప్పుతారు: సభకు వచ్చినవారిని కాదు, గూడెంలోని పెద్దలందరిలోంచి శాంపిల్ తీయాలి. కూలికి పోయిన ఆడవాళ్లు అప్పుడే లెక్కలోకి వస్తారు.

శాంపిల్‌కు ఎల్‌క్యూఏఎస్ పద్ధతి చాలు; కొద్దిమందిని అడిగి ఒక పరిధి లక్ష్యం చేరిందో లేదో తేల్చే పద్ధతి ఇది. ఒక్కో సూపర్‌వైజర్ పరిధిలో 19 మందిని యాదృచ్ఛికంగా ఎంచుకోండి. లక్ష్యం 80 శాతమైతే, కనీసం 13 మంది గట్టెక్కితే ఆ పరిధి బాగున్నట్టు. 12 గానీ అంతకు తక్కువ గానీ అయితే అక్కడ సభ తీరు మార్చాలి. 19 మందితో ఒక్కో పరిధికి శాతాలు కట్టకండి. ఐదు పరిధులు కలిపి 95 మంది అయ్యాక మొత్తానికి కట్టవచ్చు, అదీ పది శాతం అటూఇటూగా.

సమ్మతి శాతానికి లక్ష్యం పెట్టనే పెట్టకండి. పెడితే ఆశా కార్యకర్తపై ఒత్తిడి పడుతుంది, ఆ ఒత్తిడి జనం మీదికి వెళుతుంది. ఏ గూడెంలోనూ ఒక్కరూ ‘వద్దు’ అనలేదంటే సంతోషించకుండా వెళ్లి విచారించండి. చెప్పిన గడువులోగా పరీక్ష ఫలితం, కౌన్సెలింగ్ అందినవారి శాతం తప్పక ఉండాలి. హాని సూచిక కూడా ఒకటి పెట్టండి: క్యారియర్ అని తెలిశాక పెళ్లి సంబంధం తప్పిందనో, అవమానం జరిగిందనో వచ్చిన ఫిర్యాదులు, వాటిపై తీసుకున్న చర్య. పేర్లు మాత్రం రిజిస్టర్‌లోకి ఎక్కకూడదు.

బేస్‌లైన్ (తర్వాత పోల్చుకోవడానికి తొలి అంకె) మొదటి సభకు ముందే తీయండి. పత్తి ఏరే రోజుల్లో జనం ఇళ్ల దగ్గర ఉండరు కనుక జూలై అంకెను డిసెంబరు అంకెతో పోల్చకండి.

ఉద్యోగం సంగతికొస్తే, ఇది బాగా పనికొస్తుంది. ఒక్కో సూచికకు ఒక పేజీ రాయండి: నిర్వచనం, లవం, హారం, సమాచారం ఎక్కడిది, ఎవరు, ఎన్నాళ్లకోసారి, ఖర్చు. కోబో టూల్‌బాక్స్‌లో (సర్వే ఫారాల సాఫ్ట్‌వేర్) ఫారం కట్టి, ఒక గూడెంలో పరీక్షించి, జనానికి అర్థంకాని ప్రశ్నలను తిరగరాయండి. సంస్థ అనుమతిస్తే ఇంటర్వ్యూకు ఆ పాత ప్రశ్నలు, కొత్త ప్రశ్నలు రెండూ పట్టుకెళ్లండి. ఎందుకు మార్చారో చెప్పగలిగితే మీకు ఫీల్డ్ తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.