దక్షిణ ఫ్రాన్స్ పల్లెలో వారం రోజులు: బీచ్ కాకుండా ఏం చేయొచ్చు?

జూన్‌లో పెద్దవాళ్లతో, ఏడేళ్ల పాపతో నీమ్ నగరం దగ్గర పల్లెలో ఇల్లు తీసుకుంటున్నామని, బీచ్ ఒక్కటే కాకుండా ఏమేం చేయొచ్చని అడిగారు కదండీ. రెండేళ్ల కిందట మేమూ అమ్మానాన్నల్ని తీసుకుని అదే వైపు వెళ్లాం. నన్నడిగితే సముద్రానికి ఒక్క పూట చాలు. మిగతా రోజులు దాని వెనకున్న పల్లెపట్టులోనే తిరగండి.

ముందు కామార్గ్ చూడండి. రోన్ నది రెండు పాయలుగా చీలి మధ్యధరా సముద్రంలో కలిసే డెల్టా అది. అక్కడ వరి పండుతుందని నాన్నకి తెలియదు. పచ్చటి మడులు కనిపించగానే కారాపించి, గట్టు మీదికి దిగి చూస్తూ ఉండిపోయారు. నాట్లు వేయరు, నీళ్లు నిలిపిన మడిలో విత్తనాలు వెదజల్లుతారు. చౌడు నేల కాబట్టి రోన్ మంచినీళ్లు పెడితే ఉప్పు కిందికి దిగుతుంది. అక్కడ వరి వేయడానికి అదీ ఒక కారణం.

అక్కడే పోన్ ద గో పక్షుల పార్కు ఉంది. అమ్మ పుట్టిల్లు సూళ్లూరుపేట. ఫ్లెమింగోల్ని చూడగానే, ‘‘ఇవి మన పులికాట్ పిట్టలే కదరా!’’ అంది. జాతి నిజంగా ఒకటే. కాకపోతే పులికాట్‌లో మేం ఎప్పుడూ దూరం నుంచే చూశాం. ఇక్కడ కాళ్లతో బురద తొక్కుతూ, ముక్కు తలకిందులుగా నీళ్లలో ముంచి జల్లెడ పట్టినట్టు తినడం బాట పక్కనే నిలబడి చూడొచ్చు. పాప కదలదు చూడండి. పొద్దున్నే వెళ్లండి, దోమల మందు తప్పనిసరి.

అక్కడి నుంచి సాంత్ మరీ ద లా మేర్ ఊరు దగ్గరే. చర్చి నేలమాళిగలో సారా అనే సాధ్వి నల్లటి విగ్రహం ఉంటుంది, ‘సారా లా కాలీ’ అంటారు. జిప్సీలని పిలిచే రోమా జనం ఆమెకు మొక్కుకుంటారు, ఏటా మే 24న సముద్రం దాకా ఊరేగిస్తారు. వాళ్ల పూర్వీకులు వెళ్లింది మన దేశం నుంచే. మొక్కుబడిగా ఇచ్చిన బట్టలు ఒకదాని మీద ఒకటి కప్పి ఉన్నాయి, కొవ్వొత్తుల వేడికి లోపల ఉక్కపోత. అమ్మ దండం పెట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. ఈ ఒక్కటీ మాత్రం వదులుకోకండి.

ఎగ్‌మోర్త్‌లో ఉప్పు మడులు గులాబీ రంగులో ఉంటాయి, నీళ్లలోని సూక్ష్మ నాచు వల్ల. ఎండ తగ్గాక వెళ్లండి. ఇంకో రోజు పోన్ దు గార్: రోమన్లు కట్టిన 49 మీటర్ల ఎత్తు వంతెన. దాని మీదుగా నీమ్‌కి 50 కిలోమీటర్ల కాలువలో నీళ్లు వెళ్లేవి, మొత్తం వాలు పన్నెండు మీటర్ల పైచిలుకే. కింద నదిలో పాపని ఆడనివ్వండి.

తిండి సంగతి ముందే చూసుకోండి. మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి రెండు లోపే. మేం రెండున్నరకి వెళితే వంటగది మూసేశామన్నారు, నాన్నకి షుగర్ కాబట్టి చాలా టెన్షన్ పడ్డాం. ఆ తర్వాత ఉజెస్‌లో శనివారం సంతకి వెళ్లి కూరగాయలు, కామార్గ్ బియ్యం కొనుక్కుని ఇంట్లోనే వండుకున్నాం. మీవాళ్లు శాకాహారులైతే ఒక మాట: ఆలివ్‌లతో చేసే టాపెనాడ్ చూడ్డానికి పచ్చడిలాగే ఉంటుంది గానీ అందులో మామూలుగా చేప కలుపుతారు. అడిగి కొనండి.