ఐదో నెల, టిఫా స్కాన్ అయింది… ఇక డబ్బులు ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: మాది మధురవాడ. నాకు 27 ఏళ్లు. రుషికొండలో ఒక ఐటీ కంపెనీలో చేస్తున్నాను, చేతికొచ్చేది నెలకు రూ.42 వేలు. మా వారు పరవాడ ఫార్మాసిటీలో చేస్తారు, ఆయనకు రూ.31 వేలు. అద్దె, ఇంటి ఖర్చులు, బండి ఈఎంఐ అన్నీ పోను నెలకు రూ.18 వేలు మిగులుతాయి. బ్యాంకులో అంతా కలిపి రూ.2.30 లక్షలు ఉన్నాయి. నాకిప్పుడు 21వ వారం. మొదటి స్కాన్, ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్త పరీక్ష, మొన్న టిఫా (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్)... వెళ్లిన ప్రతిసారీ వేలల్లో అవుతోంది. టిఫాలో మాయ (ప్లాసెంటా) కిందికి ఉందన్నారు, 32 వారాలకు మళ్లీ చూస్తామన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మా బాబాయి బిడ్డ పేరు మీద నెలకు రూ.5 వేల పాలసీ ఇప్పుడే మొదలుపెట్టమంటున్నారు. స్కాన్ సెంటర్ దగ్గర ఒకాయన బొడ్డుతాడు రక్తం దాచిపెట్టుకోండి, రూ.60 వేలు, వాయిదాల్లో కట్టొచ్చు అన్నారు. అమ్మ పురిటికి శ్రీకాకుళం రమ్మంటోంది. అత్తగారు బిడ్డ పుట్టకముందు ఏమీ కొనొద్దంటున్నారు. ఆరు నెలల సెలవు అయ్యాక ఇంకో మూడు నెలలు జీతం లేకపోయినా ఇంట్లోనే ఉండాలని నా కోరిక. ఇందులో ఏది ముందు, ఏది తర్వాత?

జవాబు: ముందు ఆ మాయ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ లెక్కలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. వైద్యం గురించి చెప్పాల్సింది మీ డాక్టరే. అయితే ఐదో నెల స్కాన్‌లో మాయ కిందికి కనిపించడం అరుదేమీ కాదు. గర్భసంచి పెరిగేకొద్దీ ఎక్కువమందిలో అది పైకి జరుగుతుంది. 32 వారాలకు మళ్లీ చూస్తామన్నది అందుకే. జరగకుండా గర్భసంచి ద్వారానికి అడ్డంగా ఉండిపోతే సిజేరియన్ చేస్తారు. కాబట్టి మీ బడ్జెట్‌ సిజేరియన్‌కే వేసుకోండి. ఈలోపు ఎప్పుడైనా రక్తం కనిపిస్తే లెక్కాజమా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లిపోండి.

స్కాన్‌ల ఖర్చు మీరు భయపడుతున్నంత లేదు. పెద్దవి అయిపోయాయి. ఇక మిగిలింది గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ టెస్టు, 32 వారాల గ్రోత్ స్కాన్, అవసరమైతే చివర్లో బిడ్డకు రక్తప్రసరణ చూసే డాప్లర్, మధ్యమధ్యలో రక్త పరీక్షలు, ఐరన్, కాల్షియం మాత్రలు. వీటన్నిటికీ రూ.25 వేలు పక్కన పెడితే సరిపోవాలి. డాక్టర్ చీటీలో రాయని స్కాన్‌కు మాత్రం డబ్బు పెట్టకండి. బిడ్డ ముఖం చూడాలన్న సరదాకి విడిగా 4డీ ప్యాకేజీ తీసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. టిఫాతో పాటు ఇచ్చిన ఆ నలుపు తెలుపు ఫొటో ఉంది కదా, మీ ఆయన ఫోన్ వాల్‌పేపర్‌కి అది చాలు.

ఇంకో చిన్న పని ఈ రోజే చేయండి. ఫైల్ తీసి స్కాన్ బిల్లులు ఒకసారి చూడండి. సెంటర్లలో చాలాచోట్ల నున్నటి థర్మల్ కాగితం మీద బిల్లు ఇస్తారు. పర్సులో, ఎండ తగిలే బండి డిక్కీలో నాలుగు నెలలు ఉంటే అక్షరాలు మాయమై తెల్ల కాగితం మిగులుతుంది. క్లెయిమ్ వేసే రోజున అది ఎందుకూ పనికిరాదు. ప్రతి బిల్లునూ, దానికి సంబంధించిన డాక్టర్ చీటీనీ, రిపోర్టునూ ఫోన్‌లో ఫొటో తీసి, ఒక జిరాక్స్ కూడా తీసి పెట్టుకోండి. బిల్లు మీద మీ పేరు ఇన్సూరెన్స్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతది ఇంకోచోట ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

ఇన్సూరెన్స్ అంటే మీ కంపెనీ గ్రూప్ పాలసీయే. కడుపుతో ఉన్నాక బయట కొత్తగా ఏ హెల్త్ పాలసీ తీసుకున్నా ఈ కాన్పుకు పనికిరాదు. వాటిలో ప్రసూతి ఖర్చు ఇచ్చినా నెలలు, కొన్నిటిలో ఏళ్ల తరబడి వెయిటింగ్ ఉంటుంది. ఇది చెప్పకుండా అమ్మేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త. గ్రూప్ పాలసీల్లో చాలావరకు మొదటి రోజు నుంచే ప్రసూతికి డబ్బు వస్తుంది గానీ దానికొక పరిమితి ఉంటుంది. హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయడం కంటే మెయిల్ పెట్టండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. సిజేరియన్‌కు ఎంత ఇస్తారు, కాన్పుకు ముందు స్కాన్‌లకూ మందులకూ అందులోంచే ఇస్తారా, బిడ్డను ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) పెట్టాల్సి వస్తే ఆ ఖర్చు ప్రసూతి పరిమితిలోకి వస్తుందా లేక మొత్తం పాలసీలోంచి ఇస్తారా, పుట్టిన ఎన్ని రోజుల్లోపు బిడ్డను చేర్చాలి, జీతం లేని సెలవులో ఉన్నా కవరేజీ కొనసాగుతుందా అని అడగండి. ఎన్‌ఐసీయూ ప్రశ్న దాటేసి జవాబిస్తే మళ్లీ అడగండి. కాన్పు ఖర్చు ముందే ఇంచుమించుగా తెలుస్తుంది. బిడ్డ పది రోజులు ఎన్‌ఐసీయూలో ఉంటే ఎంతవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. బిడ్డను పాలసీలో చేర్చడానికి చాలా కంపెనీల్లో 30 రోజులే గడువు. పేరు పెట్టే దాకా ఆగనక్కర్లేదు, ‘బేబీ ఆఫ్’ అని మీ పేరుతోనే చేర్చుకుంటారు.

ఇప్పుడు శ్రీకాకుళం. అమ్మ దగ్గర పురుడు పోసుకోవడంలో ఉన్న నిశ్చింత ఏ పాలసీలోనూ రాదు, ఒప్పుకుంటాను. కానీ మాయ కిందికి ఉన్నప్పుడు దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణం డాక్టర్ సరేనంటేనే చేయాలి. మీ డాక్టర్, మీ ఫైల్, క్యాష్‌లెస్ ఉన్న ఆసుపత్రి, ఎన్‌ఐసీయూ అన్నీ విశాఖలోనే ఉన్నాయి. అక్కడ ఏదైనా తేడా వస్తే చివరికి అంబులెన్స్‌లో ఇక్కడికే రావాలి. అమ్మనే రెండు నెలలు మధురవాడ రప్పించుకోండి. పుట్టింటికి బిడ్డతో వెళ్లొచ్చు. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులైన కేజీహెచ్‌నీ, పాతబస్తీలో అందరూ ఘోషాసుపత్రి అనే విక్టోరియా ఆసుపత్రినీ మనసులో ఉంచుకోండి. అక్కడ జనం ఎక్కువ, గదుల సుఖం తక్కువ, నిజమే. కానీ కష్టమైన కాన్పులు చూడటం వాళ్లకు రోజూ ఉండే పనే, బిల్లు భయం ఉండదు, ఇంటికి దించడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కూడా ఉచితం.

సెలవు విషయంలో ఒక మెలిక ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు మీ హక్కు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ కంపెనీలో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. ఇందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోలేరు. ముందు వాడిన ప్రతి వారం బిడ్డ పుట్టాక ఒక వారం తగ్గుతుంది. మన పెద్దవాళ్లు ఏడో నెలలోగానీ తొమ్మిదో నెలలోగానీ పుట్టింటికి తీసుకెళ్తారు, ఎనిమిదో నెలలో కదల్చరు. ఏడో నెలలో వెళ్తే మీ సెలవు అప్పటికి మొదలే కాదు. డాక్టర్ విశ్రాంతి అవసరం లేదంటే 36, 37 వారాల దాకా ఇంటి నుంచి పని చేసి, సెలవు బిడ్డ కోసం దాచుకోండి. తర్వాతి మూడు నెలలు కంపెనీ దయ మీద ఆధారపడినవి. మేనేజర్ నోటిమాటగా సరేనంటే సరిపోదు, మెయిల్‌లో ఉండాలి.

అసలు పెద్ద ఖర్చు ఆ మూడు నెలలే. ఇప్పుడు మీ ఇంటి ఖర్చు నెలకు రూ.55 వేలు. మీ వారి జీతం రూ.31 వేలు. అంటే నెలకు రూ.24 వేలు తక్కువ, బిడ్డకు ఇంకో రూ.6 వేలు వేసుకుంటే రూ.30 వేలు. మూడు నెలలకు రూ.90 వేలు. కాన్పు లోపు మీకు ఇంకా నాలుగు జీతాలు వస్తాయి, నెలకు రూ.18 వేల చొప్పున రూ.72 వేలు చేరితే చేతిలో మొత్తం రూ.3.02 లక్షలు. అందులో మిగిలిన పరీక్షలు, మందులకు రూ.25 వేలు. సిజేరియన్‌ ప్యాకేజీ, గది, గ్లవ్స్, దూది లాంటి ఇన్సూరెన్స్ ఇవ్వని సామాన్లు కలిపి మీ జేబులోంచి పడేది రూ.45 వేలు అనుకుందాం. హెచ్‌ఆర్ జవాబు వచ్చాక ఈ అంకె మార్చుకోండి. సీమంతం, బారసాలకు కలిపి రూ.40 వేలు దాటనివ్వకండి. బిడ్డ సామాన్లకు రూ.20 వేలు. ఇవన్నీ పోతే రూ.1.72 లక్షలు, జీతం లేని నెలలకు రూ.90 వేలు తీసేస్తే రూ.82 వేలు మిగులుతాయి. ఆ రూ.82 వేలే ఎన్‌ఐసీయూకూ, ఉద్యోగం ఊగిసలాటకూ, రాత్రి పూట ఆసుపత్రి పరుగులకూ మీకున్న ఆసరా. దాన్ని ముట్టుకోకండి. మొత్తం డబ్బు సేవింగ్స్ ఖాతాలోనూ, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే చిన్న చిన్న ఎఫ్‌డీల్లోనూ ఉండాలి. ఈ ఏడాది రాబడి గురించి ఆలోచించొద్దు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో బాబాయి గారి రూ.5 వేలకు చోటెక్కడ? మీ చేతిలో మిగులు లేని మూడు నెలల్లోనూ ఆ ప్రీమియం గుమ్మంలో నిలబడుతుంది. మధ్యలో ఆపితే నష్టం మీదే. పైగా బిడ్డ పేరు మీద పాలసీ అనగానే అందరూ మరిచిపోయే విషయం, బిడ్డకు ఆధారం మీ ఇద్దరి జీతాలు. కాబట్టి ముందు మీ వారి పేరు మీద రూ.50 లక్షల టర్మ్ పాలసీ (ఆయనకు ఏమైనా అయితేనే డబ్బు వచ్చే పాలసీ) ఈ నెలలోనే తీసుకోండి. సిగరెట్ అలవాటు లేకపోతే ఆ వయసులో నెలకు వెయ్యి లోపే పడుతుంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి దానిపై జీఎస్టీ కూడా లేదు. మీ పేరు మీద కూడా కావాలి, అయితే నెలలు నిండుతున్నప్పుడు చాలా కంపెనీలు కాన్పయ్యాక రమ్మంటాయి. అప్పుడే తీసుకోండి, ప్రపోజల్‌లో గర్భం సంగతి దాచకండి. బాబాయికి నొప్పి కలగకుండా చెప్పాలంటే ‘టర్మ్ మీ దగ్గరే తీసుకుంటాం’ అనండి. ఆయనకు కమీషన్ తక్కువొస్తుంది, చుట్టరికం మిగులుతుంది.

బొడ్డుతాడు రక్తం బ్యాంకు వద్దు. బిడ్డకే భవిష్యత్తులో పనికొస్తుందని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఇంట్లో ఎవరికైనా మూలకణాల చికిత్స అవసరమైన జబ్బు ఉంటే అది వేరే సంగతి, డాక్టర్‌తో మాట్లాడండి. స్కాన్ గది బయట బెంచీ మీద, రిపోర్టు కోసం గుండె దడదడలాడుతూ కూర్చున్న గర్భిణికి రూ.60 వేల సంతకం పెట్టించడం నాకు అస్సలు నచ్చదు.

అత్తగారి మాటకు మాత్రం నా పూర్తి మద్దతు. కారణం ఆవిడది వేరు, నాది వేరు. పుట్టకముందు కొన్న తొట్టెలు, తోపుడు బళ్లు చాలా ఇళ్లలో బట్టలు ఆరేసుకునే స్టాండ్లుగా మారడం చూశాను. మొదటి నెలలకు కావాల్సింది ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీరల పొత్తిగుడ్డలు, లంగోటాలు, ఒక దోమతెర. మిగతావి ఎలాగూ బారసాలకు చుట్టాలు తెస్తారు. వెండి గిన్నెలు నాలుగు వచ్చేకన్నా, అడిగిన దగ్గరివాళ్లకు ‘కవరు ఇవ్వండి’ అని చెప్పడంలో మొహమాటం వద్దు. టీకాల్లో కూడా డబ్బు మిగులుతుంది. బీసీజీ, పోలియో, పెంటావలెంట్, రోటావైరస్, న్యుమోకోకల్, ఎంఆర్ టీకాలు మీ వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఫ్లూ, ఆటలమ్మ లాంటివి కావాలనుకుంటేనే ప్రైవేటులో వేయించుకోండి.

జీతంతో సెలవు దొరకని పాఠకులకు రెండు మాటలు. జీతం రూ.21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ కట్ అవుతుంటే 26 వారాల ప్రసూతి భత్యం అక్కడి నుంచే వస్తుంది, కావాల్సినన్ని రోజులు చందా కట్టి ఉండాలి. ఇంటిపట్టునో, చిన్న పనుల్లోనో ఉన్నవాళ్లు మాతృ వందన యోజనకు అర్హులేమో అంగన్‌వాడీలో కనుక్కోండి. మొదటి కాన్పుకు రూ.5 వేలు రెండు విడతల్లో, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.6 వేలు ఇస్తారు.

బిడ్డ పుట్టాక మొదటి కాగితం జనన ధ్రువపత్రం. 21 రోజుల్లోపు అయితే నమోదు ఉచితం, ఆసుపత్రి నుంచే విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి వివరాలు వెళ్తాయి. డిశ్చార్జికి ముందే మీ ఇద్దరి పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌తో సరిపోయిందో లేదో మీరే చదివి చూడండి. బిడ్డ పేరు ఏడాదిలోపు రుసుము లేకుండా రాయించుకోవచ్చు. అమ్మాయి పుడితే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా రూ.250తో తెరిచి ఉంచండి, ప్రస్తుతం వడ్డీ 8.2 శాతం. అబ్బాయి అయితే పీపీఎఫ్. ఏదైనా సరే పెద్ద మొత్తాలు మీరు తిరిగి ఉద్యోగంలో చేరి మొదటి జీతం అందుకున్నాకే.