పక్షవాతంతో పోయిన మాట పాటలు వింటే తిరిగి వస్తుందా?

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మీ మావయ్యగారు పాత భజనలు మాత్రం పదాలతో సహా పాడుతున్నారని రాశారు. రోజూ పాటలు వినిపిస్తే మాట వచ్చేస్తుందా అని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాలుగేళ్ల కిందట మా నాన్నగారికి అచ్చం ఇలాగే అయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోట్లోంచి "ఆ... ఆ..." తప్ప మాట లేదు. మూడో వారంలో ఓ సాయంత్రం అమ్మ దీపం పెట్టి రామభజన అందుకుంటే, మంచం మీద నుంచి నాన్న గొంతు కలిపారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అందరం ఏడ్చేశాం. భజన అయ్యాక "నీళ్లు కావాలా నాన్నా?" అంటే మళ్లీ "ఆ..." అన్నారు.

అక్కడే పొరపాటు చేశాం. పాట వచ్చింది కదా, మాట కూడా అదే వస్తుందని రెండు నెలలు ఫోన్‌లో భజనలు పెట్టి ఊరుకున్నాం. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాత బరంపురంలో స్పీచ్ థెరపిస్టు గారు విడమరిచి చెప్పారు. ఎక్కువమందిలో మాటను నడిపేది మెదడు ఎడమ భాగం. పాటకు కుడి భాగం కూడా సాయం చేస్తుంది. అందుకే ఎడమ వైపు దెబ్బ తగిలినా పాట మిగిలిపోవచ్చు. ఈ సంగతి ఆధారంగానే 1973లో అమెరికాలో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు "మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ" అనే పద్ధతిని తెచ్చారు. ఇందులో పాటలు పాడించరు. రోజూ అవసరమయ్యే చిన్న మాటనే ఒక పై స్వరం, ఒక కింది స్వరంలో సాగదీసి పలికిస్తారు. అక్షరానికో దెబ్బ చొప్పున ఎడమ చేత్తో తట్టిస్తారు.

ఆవిడది ఒడియా, ముందు ఒడియా మాటలే పలికించి చూశారు. నాన్న ముప్ఫై ఏళ్లు ఆఫీసులో ఒడియాలోనే పని చేశారు, అయినా ఆ మాటలకు గొంతు పెగల్లేదు. "మీ ఇంట్లో మాట్లాడే మాటలే రాసుకు రండి" అన్నారావిడ. మేం రాసిన మొదటి మాట "నీళ్లు కావాలి". నీ, ళ్లు, కా, వా, లి అంటూ మంచం ఇనప పట్టీ మీద అయిదు దెబ్బలు. ముందు ఆవిడ కూనిరాగం తీసేవారు, తర్వాత ఇద్దరూ కలిసి అనేవారు, సగంలో ఆవిడ గొంతు తగ్గించేసేవారు. చివర్లో "ఏం కావాలి?" అని అడిగేవారు. నోటికి వచ్చిన మాటకు మెల్లమెల్లగా రాగం తగ్గిస్తూ పోయారు. ఓ రోజు రాత్రి రెండింటికి పట్టీ మీద టకటక చప్పుడైతే అమ్మ లేచింది. "నీ...ళ్లు" అన్నారు నాన్న.

నడకకు కూడా తాళం పనికొచ్చింది. ఫిజియో గారు ముందు నాన్న నడిచే వేగం చూసి, దానికి సరిపడా చిడతలు వాయించమన్నారు. అది కుదిరాక కొద్దిగా వేగం పెంచాం.

ఇప్పుడు నాన్న చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతారు. పూర్తిగా పాత మనిషి కాలేదు. ఈ పద్ధతి అందరికీ కాదు. ఎదుటివాళ్ల మాట అర్థమవుతూ తమ నోట మాట రానివాళ్లకే ఎక్కువగా పనికొస్తుంది. గడగడా మాట్లాడుతున్నా అర్థం లేకుండా పోతోందంటే దారి వేరు. అందుకే ముందు స్పీచ్ థెరపిస్టుకు చూపించండి, మాలాగా రెండు నెలలు పోనివ్వకండి. వెళ్లేముందు మావయ్యగారు రోజూ అనే పది మాటలు మీ అత్తయ్యగారి చేత రాయించండి. అవి ఆవిడకే బాగా తెలుస్తాయి.