పాత సామాను అమ్మేముందు: శిరీషకు పెదనాన్న లేఖ

విజయవాడ

చి.ల.సౌ. శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెలలో మీరిద్దరూ హైదరాబాదు వదిలి పుణె వెళ్ళిపోతున్నారనీ, వెళ్ళేలోగా ఫ్రిజ్జు, సోఫా, నీ పాత ఫోను, అల్లుడుగారి బైకు ఓఎల్‌ఎక్స్‌లోనూ ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనూ పెట్టి అమ్మేస్తారనీ, అక్కడికి చేరాక ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంటారనీ మీ అమ్మ చెప్పింది. ఆలోచన మంచిదే. అయితే ఈ అమ్మకాల గురించి నీకు కొన్ని సంగతులు చెప్పాలి. ఫోనులో చెబితే సగం విని “సరే పెదనాన్నా” అనేస్తావు కాబట్టి ఉత్తరంగానే రాస్తున్నాను. తీరికగా చదివి, అల్లుడుగారి చేత కూడా చదివించు.

ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేసిన మనిషినైన నేనే మోసపోయాను. ఈ మాట మీ పెద్దమ్మకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. 2019లో మన ఇంటి పాత టేకు మంచాన్ని 9,000 రూపాయలకు ఒక యాప్‌లో అమ్మకానికి పెట్టాను. పెట్టిన పది నిమిషాలకే హిందీలో ఒకడు ఫోను చేశాడు. తాను సైన్యంలో ఉన్నాననీ, విజయవాడకు బదిలీ అయిందనీ, డ్యూటీలో ఉన్నందున స్వయంగా రాలేననీ, డబ్బు ముందే పంపి మంచం కోసం బండిని పంపుతాననీ చెప్పాడు. బేరం ఒక్క రూపాయి కూడా ఆడలేదు. అసలు అక్కడే నాకు అనుమానం రావలసింది, ఎందుకంటే పాత మంచాన్ని బేరమాడకుండా కొనేవాణ్ణి నా జన్మలో చూడలేదు. యూనిఫారంలో ఉన్న ఫోటో, గుర్తింపు కార్డు వాట్సాప్‌లో పంపాడు. తరువాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు నా ఖాతాలో పడుతుందన్నాడు. నొక్కాను. నా ఖాతాలో నుంచే 9,000 పోయాయి. అయ్యో అంటే, వాడు నాకంటే ఎక్కువ కంగారు పడినట్టు నటించి, “పొరపాటు జరిగింది సార్, ఇంకొకసారి స్కాన్ చేస్తే రెండూ కలిపి వెనక్కి వచ్చేస్తాయి” అన్నాడు. ఆ కంగారులో రెండోసారీ నొక్కాను. సంతకం సరిపోలకపోతే పది రూపాయల చెక్కును కూడా తిప్పి పంపిన వాణ్ణి, పిన్ నొక్కటం అంటే చెక్కు మీద సంతకం పెట్టటమేనన్న ఇంగితం ఆ రోజు నాకు లేకపోయింది.

కాబట్టి మొదట ఇది గట్టిగా పట్టుకో. యూపీఐలో డబ్బు తీసుకోవటానికి పిన్ అక్కరలేదు, నీవు ఏ కోడూ స్కాన్ చేయనక్కరలేదు, ఏ లింకూ తెరవనక్కరలేదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ అడిగారంటే డబ్బు నీ దగ్గర నుంచి వెళ్ళబోతున్నదని అర్థం. అవతలివాడు డబ్బు అడుగుతూ పంపే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ అనే పద్ధతిని వ్యక్తుల మధ్య లావాదేవీలకు 2025 అక్టోబరు నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపివేసింది గాని, క్యూఆర్ కోడ్ ఉపాయం అలాగే ఉంది. “మీ ఫోనులో ఏదో సమస్య ఉంది, ఈ యాప్ వేసుకోండి, నేను సరిచేస్తాను” అంటూ ఎనీడెస్క్ లాంటి యాప్‌ను వేయించి నీ ఫోను తెర మొత్తం తాను చూసే ఉపాయం మరొకటి. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నొక్కగానే ఫోనులో యాప్ వేసే ఫైలు, పంపితే దాన్ని ముట్టుకోకు.

ఆ దెబ్బ తిన్న తరువాత ఇలాంటి మోసాల గురించి ఎక్కడ విన్నా చెవి ఒగ్గి వింటున్నాను. పేర్లూ వేషాలూ మారతాయి గాని, లోపల జరిగే పని ఒక్కటే. అమ్మేవాడు, కొనేవాడు, వస్తువు, డబ్బు, ఈ నాలుగూ ఒకేచోట ఒకేసారి కలవకుండా చూడటమే మోసగాడి పని. సైనికుడి వేషం వేయటం దేశభక్తి చూసి మనం మెత్తబడతామని మాత్రమే కాదు. తాను ఎదురుగా రాకపోవటానికి అంతకంటే గౌరవమైన సాకు దొరకదు గనుక. ఆ గుర్తింపు కార్డు నకిలీదై ఉంటుంది, లేదా పాపం ఎవరో నిజమైన జవాను ఎక్కడో ఇచ్చిన నకలు వీడి చేతిలో పడి ఉంటుంది. అందువల్ల నీవు కూడా ఆధార్ ఫోటోనో, బైకు ఆర్‌సీ ఫోటోనో అడిగిన వాళ్ళందరికీ పంపకు. రేపు నీ కార్డు చూపించి ఇంకొకర్ని నమ్మిస్తారు.

ఈ నాలుగూ కలవకుండా చూడటంలో ఆరితేరిన మోసం ఒకటి ఉంది. మీరు బండి అమ్మబోతున్నారు, కారు కొనబోతున్నారు కాబట్టి రెండు వైపులా అది మీకు తగిలే ప్రమాదం ఉంది. మా ఉదయపు నడక బృందంలోని మిత్రుడొకరికి ఇలా జరిగింది. ఆయన తన కారును నాలుగున్నర లక్షలకు అమ్మకానికి పెట్టారు. ఒకడు ఫోను చేసి, ధర ఒప్పుకొని, “నేను ఊళ్ళో లేను, మా బంధువు వచ్చి బండి చూస్తాడు, అతనికి నేను కొంత బాకీ ఉన్నాను, ఆ లెక్కలో ఈ కారు ఇస్తున్నాను, కాబట్టి ధర సంగతి మాత్రం అతనితో మాట్లాడకండి” అని చెప్పాడు. మరోవైపు అదే మనిషి మా మిత్రుడి కారు ఫోటోలనే వాడుకొని, మూడు లక్షలకే ఇస్తానని వేరే ప్రకటన పెట్టాడు. దాన్ని చూసి ఫోను చేసిన గుంటూరు కుర్రాడికి, “బండి మా బాబాయి దగ్గర ఉంది, వెళ్ళి చూసుకోండి, ఆయనతో మాత్రం డబ్బు మాటెత్తకండి, మా మధ్య ఆస్తి తగాదా ఉంది” అని నూరిపోశాడు. ఆ కుర్రాడు వచ్చాడు, కారు నడిపి చూసుకున్నాడు, పత్రాలు చూశాడు, అన్నీ నిజమైనవే. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కాఫీ కూడా తాగారు. ధర మాట ఒక్కరూ ఎత్తలేదు. కుర్రాడు మధ్యవాడు చెప్పిన ఖాతాకు మూడు లక్షలు పంపి తాళాలు ఇవ్వమని అడిగితే, నాకు పైసా రాలేదని మా మిత్రుడు అన్నారు. ఒకరినొకరు దొంగలనుకుని స్టేషను దాకా వెళ్ళారు. అసలు దొంగను ఇద్దరిలో ఎవరూ కళ్ళతో చూడనే లేదు.

మా చిన్నతనంలో పశువుల సంతలో దళారులు తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చేవారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియకూడదని ఆ ఏర్పాటు. ఇక్కడ జరిగింది కూడా తువ్వాలు బేరమే గాని, ఆ సంతలో కనీసం ఎద్దూ, ఎద్దు యజమానీ, డబ్బు మూటా ఒక్క చెట్టు కిందే ఉండేవి. “అతనితో ధర మాట్లాడకు” అనే మాట ఎవరి నోట విన్నా, ఎదురుగా ఉన్న మనిషిని ఆ క్షణానే అడిగేయి: “ఈ బండి మీకు ఎంతకు చెప్పారండీ? డబ్బు ఎవరికి పంపుతున్నారు?” ఈ రెండు ప్రశ్నలూ వేసి ఉంటే మా మిత్రుడి ఇంటి వరండాలోనే ఆ మోసం తేలిపోయేది.

ఇక మీ సామాను అమ్మకానికి వస్తాను. ఫ్రిజ్జు, సోఫా లాంటివాటికి పెద్ద తతంగం అక్కరలేదు. కొనేవాళ్ళు వచ్చి చూసుకుని, డబ్బిచ్చి, అప్పుడే ఎత్తుకుపోవాలి. ఫ్లాటు నంబరు ప్రకటనలో పెట్టకు. వస్తామన్నవాళ్ళకు అపార్టుమెంటు గేటు వరకు చెప్పి, వాచ్‌మన్‌కు కూడా ఒక మాట చెప్పి ఉంచు. అల్లుడుగారు ఇంట్లో ఉన్న సమయంలోనే రమ్మను. డబ్బు పంపామని ఫోను చూపిస్తే ఆ చూపించిన దాన్ని నమ్మకు. పంపినట్టు కనిపించే నకిలీ యాప్‌లున్నాయి. నీ ఫోనుకు వచ్చిన ఎస్‌ఎంఎస్‌ను కూడా నమ్మకు. బ్యాంకు సందేశం బ్యాంకు పేరును సూచించే అక్షరాలతో వస్తుంది గాని, మామూలు పదంకెల నంబరు నుంచి రాదు. నీ యాప్ నీవే తెరిచి ఖాతాలో నిల్వ చూసుకుని, ఆ తరువాతే సోఫాను గుమ్మం దాటనివ్వు. “1,500 పంపబోయి 15,000 పంపేశాను, అక్కా, మిగతాది తిరిగి పంపండి, ఆసుపత్రి ఖర్చు” అని ఏడుస్తూ ఫోను చేసేవాళ్ళు ఉంటారు. నిల్వ చూసుకుంటే ఆ 15,000 రానే రాలేదని తెలుస్తుంది. ఒకవేళ నిజంగా వచ్చినా, నీ చేత్తో తిరిగి పంపకుండా అతని బ్యాంకు ద్వారా అడగమని చెప్పు.

నీ ఫోను అమ్మేముందు గూగుల్ ఖాతా తీసేసి, యూపీఐ, బ్యాంకు యాప్‌లు తొలగించి, పూర్తిగా రీసెట్ చెయ్యి. కొన్న బిల్లు నకలు ఒకటి నీ దగ్గర ఉంచుకో. ఎప్పుడైనా పాత ఫోను కొనవలసి వస్తే, అందులో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) చూసి, కేవైఎం అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కు ఎస్‌ఎంఎస్ పంపు. ప్రభుత్వం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూడవచ్చు. దొంగిలించిన ఫోనుగా బ్లాకు చేసినదైతే తెలిసిపోతుంది.

బైకు విషయంలో మాత్రం డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. చాలామంది బండి పేరు మార్పుకు వాడే ఫారం 29, 30ల మీద సంతకాలు పెట్టి, ఆర్‌సీ చేతికిచ్చి, కొన్నవాడే మార్చుకుంటాడులే అని మరచిపోతారు. వాడు మార్చుకోడు. ఆ బండి మీద పడే చలానాలు అల్లుడుగారి పేరునే వస్తూ ఉంటాయి. ప్రమాదం జరిగితే ఇంకా కష్టం, ఎందుకంటే రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజులలోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. కాబట్టి కొన్నవారి ఆధార్ నకలు, ఫోను నంబరు తీసుకుని, బండి అప్పగించిన తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం ఒకటి ఉంచుకుని, పేరు మార్పు దరఖాస్తు మీరు హైదరాబాదులో ఉండగానే పూర్తి చేయించండి. పుణె వెళ్ళాక ఆ పని కోసం మళ్ళీ రావటం మీ వల్ల కాదు.

కారు కొనేటప్పుడు దీన్నే తిరగేసి చూసుకోండి. రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టి యజమాని, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు వివరాలు సరిపోతున్నాయో లేదో చూడండి. ఛాసిస్ మీద ఉన్న నంబరును ఆర్‌సీలోని నంబరుతో స్వయంగా పోల్చండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే ఇంకా అప్పు ఉండవచ్చు. బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రం, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీసేయించే ఫారం 35 చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి. డబ్బు పంపే ఖాతా పేరు, ఆర్‌సీ మీది పేరు ఒకటే కావాలి. “మా తమ్ముడి ఖాతాకు పంపండి” అంటే, ఆ తమ్ముణ్ణీ అన్ననూ ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాకే పంపండి. బండి విమానాశ్రయం పార్కింగులో ఉంది, ఆర్మీ పార్సిల్‌లో పంపుతాను, గేటు పాసుకు 2,150 కట్టండి, అది తిరిగి వస్తుంది అనేవాళ్ళతో అసలు మాట పెంచుకోవద్దు. 2,150 కట్టాక జీఎస్టీ అంటారు, తరువాత ఇన్సూరెన్సు అంటారు, ఇప్పటికే కట్టినది పోతుందేమోనన్న బాధతో మనం కడుతూనే ఉంటాం. పుణెలో అద్దె ఇల్లు వెతికేటప్పుడు కూడా, ఇల్లు చూపించటానికే ముందు డబ్బు అడిగేవాళ్ళది ఇదే దారి.

అన్నట్టు, మీ పెద్దమ్మ ట్రంకు పెట్టెలోని ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోటుకు లక్షలిస్తారని ఎవరో వీడియో పంపారట. కమీషను కడితే రిజర్వు బ్యాంకే కొంటుందన్న ప్రచారం అబద్ధమని, తాము ఎవరి దగ్గరా అలాంటి రుసుము తీసుకోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆమెకు నేను చెబితే వినటం లేదు, నీవు ఒకసారి చెప్పు.

ఇన్ని చెప్పినా పొరపాటు జరగవచ్చు. జరిగితే సిగ్గుపడి దాచుకోకు. నేను చేసిన రెండో తప్పు అదే. పరువు పోతుందని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను, అప్పటికి ఆ డబ్బు ఎక్కడికో వెళ్ళిపోయింది. దొంగ ఖాతాలో పడిన డబ్బు నగదుగా మారేలోపు బ్యాంకులు దాన్ని నిలిపివేయగలవు, అందుకే ప్రతి నిమిషం విలువైనదే. ఫోను తీసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యి, లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చెప్పు. ఆ తరువాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, నీ బ్యాంకుకూ తెలియజెయ్యి. మోసగాడితో జరిగిన చాటింగును కోపంతో చెరిపేయవద్దు, అదే సాక్ష్యం. పోయిన డబ్బు ఇప్పిస్తామంటూ తరువాత ఫోను చేసే ‘సైబర్ అధికారులు’ కూడా చాలాసార్లు ఆ ముఠావాళ్ళే.

బైకు కొనేవాళ్ళు కుదిరితే వాళ్ళను ఆదివారం రమ్మను, శనివారం రాత్రి రైలుకు నేను బయలుదేరి వస్తాను. ఫారాలు రెండు ప్రతులు తీసి ఉంచు, అల్లుడుగారి సంతకం మాత్రం నేను వచ్చేదాకా పెట్టించకు.

ఇట్లు,
మీ పెదనాన్న