నొప్పి తగ్గిపోయాక కూడా పిత్తాశయం ఆపరేషన్ అవసరమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మ వయసు 52. పదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంటోంది. మూడు వారాల క్రితం ఒక రాత్రి పైకడుపులో మొదలైన నొప్పి వీపులోకి పాకింది. వాంతులు ఆగకపోవడంతో ఆసుపత్రిలో చేర్పించాం. లైపేజ్ అనే క్లోమపు ఎంజైమ్ ఉండాల్సిన దానికంటే పది రెట్లు ఉందని, ఏఎల్‌టీ అనే కాలేయ పరీక్ష 286 ఉందని, ఇది పాంక్రియాటైటిస్ (క్లోమం అనే జీర్ణగ్రంథి వాపు) అని చెప్పారు. పిత్తాశయంలో మూడు, నాలుగు మిల్లీమీటర్ల రాళ్లు చాలా ఉన్నట్టు అల్ట్రాసౌండ్‌లో తేలింది. ఎమ్మార్‌సీపీ అనే స్కాన్‌లో మాత్రం పైత్యనాళంలో రాయి ఏదీ లేదని వచ్చింది. సీటీలో క్లోమం కొద్దిగా వాచిందని, చుట్టూ నీరు చేరలేదని రాశారు. రెండో రోజు నుంచే మెత్తటి ఆహారం పెట్టారు. ఐదో రోజున ఇంటికి పంపిస్తూ, త్వరలో పిత్తాశయం తీయించుకోవాలన్నారు. ఇప్పుడు అమ్మకు ఏ నొప్పీ లేదు. నాళంలో రాయి లేదు, నొప్పీ లేదు, మరి ఆపరేషన్ ఎందుకని అడుగుతోంది. రాళ్లు కరిగే మాత్రలు వాడితే సరిపోదా? మాకు తెలిసిన ఒకరికి ఇదే జబ్బుకు ఈఆర్‌సీపీ అనే ఎండోస్కోపీ చికిత్స చేశారు. అమ్మకు చేయకపోవడం పొరపాటా? అంత తొందరగా తినిపించడం మంచిదేనా? పిత్తాశయం తీసేస్తే జీర్ణశక్తి దెబ్బతింటుందా? - ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారికి ఆపరేషన్ అవసరమే. ఇప్పటికే మూడు వారాలు గడిచాయి కాబట్టి, మళ్లీ నొప్పి వస్తే చూద్దామని ఆగకుండా ఈ వారంలోనే సర్జన్‌ను కలవండి. ఆమె అడుగుతున్న ప్రశ్న మాత్రం చాలా సహజమైనది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి హాయిగా తిరుగుతున్న మనిషికి, కనబడని ప్రమాదం కోసం కత్తి కిందికి వెళ్లమని చెబితే కారణం అడగడం ఆమె హక్కు. అందుకే కారణాన్ని కాస్త వివరంగా చెబుతాను.

కాలేయం నుంచి పైత్యరసాన్ని తెచ్చే నాళం, క్లోమం నుంచి జీర్ణరసాలను తెచ్చే నాళం చిన్నపేగు తొలిభాగంలోకి తెరుచుకునే చోట, రెండు కాలువలు ఒకే తూము దగ్గర కలిసినట్టుగా, చాలామందిలో ఒకటైపోతాయి. ఆ ద్వారం సన్నగా ఉంటుంది. పిత్తాశయంలోంచి జారిన చిన్న రాయి అక్కడ ఇరుక్కుంటే వెనకాల క్లోమనాళంలో ఒత్తిడి పెరుగుతుంది. పేగులోకి వెళ్లాక చైతన్యం కావాల్సిన ఎంజైములు క్లోమంలోనే చైతన్యమై ఆ గ్రంథినే దెబ్బతీస్తాయి. 1901లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో యూజీన్ ఓపీ అనే పాథాలజిస్టు, పాంక్రియాటైటిస్‌తో మరణించిన ఒక రోగి శరీరాన్ని పరీక్షించినప్పుడు సరిగ్గా ఆ ద్వారం దగ్గర చిక్కుకున్న చిన్న రాయి కనబడింది. రాయి ఉన్నది పిత్తాశయంలో అయితే వాచింది క్లోమం ఎందుకన్న సందేహానికి స్పష్టమైన జవాబు అప్పటి నుంచే మొదలైంది.

అయితే ఆ తర్వాత చాలాకాలం వైద్యులను మీ అమ్మగారి సందేహమే వేధించింది. పాంక్రియాటైటిస్ వచ్చిన ఎంతోమందిలో నాళాన్ని తెరిచి చూస్తే రాయి ఉండేది కాదు. 1974లో అర్జెంటీనాకు చెందిన అకోస్టా, లెడెస్మా అనే ఇద్దరు వైద్యులు ఒక పని చేశారు. ఈ జబ్బుతో చేరిన 36 మంది రోగుల మలాన్ని రోజూ జల్లెడ పట్టి వెతికారు. 34 మందిలో చిన్న చిన్న పిత్తాశయ రాళ్లు దొరికాయి. పిత్తాశయంలో రాళ్లుండి పాంక్రియాటైటిస్ రాని మరో 36 మందిలో వెతికితే ముగ్గురిలోనే దొరికాయి. అంటే రాయి వచ్చి, ద్వారం దగ్గర కొంతసేపు అడ్డుపడి, క్లోమాన్ని దెబ్బతీసి, పేగులోకి జారి వెళ్లిపోతోందన్నమాట. ఎవరికీ చేయాలనిపించని ఆ పని ఎంత ఓపికతో చేశారో తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

కాబట్టి ఎమ్మార్‌సీపీలో నాళం ఖాళీగా ఉందంటే, దాడి చేసిన రాయి దాటిపోయిందని అర్థం. రాయి అసలు రాలేదని కాదు. మొదటి రోజు ఏఎల్‌టీ 286 ఉండడం దీనికి బలమైన ఆధారం. పాంక్రియాటైటిస్‌లో ఈ కాలేయ పరీక్ష 150 దాటిందంటే కారణం పిత్తాశయ రాయే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. రాళ్లు పుట్టే సంచి అలాగే ఉంది, అందులో మూడు, నాలుగు మిల్లీమీటర్ల రాళ్లు ఇంకా చాలా ఉన్నాయి. పెద్ద రాళ్లతో పోలిస్తే పిత్తాశయపు సన్నని నాళంలోంచి సులువుగా జారిపోగలిగేవి ఈ చిన్నవే. చిన్నవే కదా అని ఊరట చెందే సందర్భం ఇది కాదు.

రెండో దాడి ఎంత త్వరగా రావచ్చన్న విషయంలో మనకు మంచి ఆధారం ఉంది. నెదర్లాండ్స్‌లోని 23 ఆసుపత్రుల్లో జరిగి 2015లో ప్రచురితమైన పోంచో అనే పరిశోధనలో, రాళ్ల వల్ల తేలికపాటి పాంక్రియాటైటిస్ వచ్చి కోలుకుంటున్న 266 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు ఆసుపత్రిలో ఉండగానే, మూడు రోజుల్లోపు పిత్తాశయం తీశారు. మరో జట్టును ఇంటికి పంపించి 25 నుంచి 30 రోజుల తర్వాత తీశారు. రాళ్లకు సంబంధించిన సమస్యతో మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం లేదా మరణం, ఈ రెండింటినీ కలిపి ఆరు నెలల్లో లెక్కిస్తే, వెంటనే ఆపరేషన్ జరిగినవారిలో 5 శాతం, ఆగినవారిలో 17 శాతం తేలింది. వెంటనే చేసినందువల్ల ఆపరేషన్ కష్టమైందని గానీ, దాని దుష్ఫలితాలు పెరిగాయని గానీ కనబడలేదు. ఆగిన జట్టు కూడా మీ అమ్మగారిలాగే నొప్పి తగ్గి ఇంటికి వెళ్లినవారే అన్నది గమనించండి. నా అభిప్రాయంలో, ఇలాంటి తేలికపాటి కేసుల్లో ఆసుపత్రి నుంచి పంపించే ముందే ఆపరేషన్ చేయడం ఉత్తమం. ఏ కారణంగానో అది జరగలేదు కాబట్టి ఇక మీదటి ఆలస్యాన్నైనా తగ్గించుకోవాలి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. క్లోమం చుట్టూ నీరు చేరినవారిలో, క్లోమంలో కొంత భాగం కుళ్లినవారిలో తొందరపడి ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. వారిలో వాపు, నీరు తగ్గేదాకా, సాధారణంగా ఆరు వారాల వరకు ఆగుతారు. మీ అమ్మగారి సీటీ రిపోర్టులో అలాంటిదేమీ లేదు గనుక ఆ కారణంతో ఆగాల్సిన పని లేదు. మీకు తెలిసినవారెవరికైనా రెండు నెలల తర్వాత ఆపరేషన్ చేసి ఉంటే, దాన్ని మీ అమ్మగారికి కొలమానంగా తీసుకోకండి.

రాళ్లు కరిగే మాత్రల గురించి చాలామంది అడుగుతుంటారు. అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ అనే మందు కొలెస్ట్రాల్‌తో ఏర్పడి, కాల్షియం పట్టని చిన్న రాళ్లను, పిత్తాశయం చక్కగా ముడుచుకుంటున్నప్పుడు మాత్రమే కరిగించగలదు. దానికి ఆరు నెలల నుంచి రెండేళ్లు పడుతుంది, మందు ఆపాక ఐదేళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ రాళ్లు ఏర్పడతాయి. ఒకసారి పాంక్రియాటైటిస్ వచ్చినవారి ముందున్న ప్రమాదం వారాల్లోది. నెలల తరబడి పనిచేసే మందు ఆ వారాలను కాపాడలేదు. మీ అమ్మగారికి ఈ మాత్రలను నేను సూచించను.

ఈఆర్‌సీపీ చేయకపోవడం పొరపాటు కాదు. నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి, పైత్యనాళపు ద్వారాన్ని కొద్దిగా కోసి రాయిని తీసే ఈ చికిత్స, నాళంలో రాయి నిలిచిపోయినప్పుడు, ముఖ్యంగా చలిజ్వరం, కామెర్లతో పైత్యనాళానికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు ప్రాణాలు నిలబెడుతుంది. మీకు తెలిసినవారికి అలాంటి అవసరమే ఉండి ఉండవచ్చు. ఇన్ఫెక్షన్ లేనివారిలో, జబ్బు తీవ్రమవుతుందన్న అనుమానం ఉన్నా సరే, అత్యవసరంగా ఈఆర్‌సీపీ చేయడం వల్ల మొత్తం మీద మేలు కనబడలేదని 2020లో వచ్చిన మరో డచ్ పరిశోధన తేల్చింది. పైగా ఈఆర్‌సీపీయే కొందరిలో పాంక్రియాటైటిస్‌ను తెచ్చిపెడుతుంది. నాళం ఖాళీగా ఉందని ఎమ్మార్‌సీపీ చూపించాక దాన్ని చేయకపోవడం సరైన నిర్ణయమే. గుండె జబ్బు వంటి కారణాలతో ఆపరేషన్‌కు అస్సలు తట్టుకోలేనివారికి మాత్రం ఈఆర్‌సీపీతో ద్వారాన్ని వెడల్పు చేస్తే పాంక్రియాటైటిస్ మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. పిత్తాశయం వాచే ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది.

రెండో రోజే తినిపించడం గురించి కంగారు పడకండి. పేగుకు పని లేకుండా రోజుల తరబడి ఉంచితే దాని లోపొర బలహీనపడి, అక్కడి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరే అవకాశం పెరుగుతుందని ఇప్పుడు తెలుసు. అందువల్ల తేలికపాటి జబ్బులో వాంతులు తగ్గి, ఆకలి వేయగానే నోటి ద్వారా ఆహారం మొదలుపెడతారు. సెలైన్ విషయంలోనూ పాత అలవాటు మారింది. 2022లో వెలువడిన వాటర్‌ఫాల్ పరిశోధనలో, ద్రవాలను ధారాళంగా ఎక్కించినవారిలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు ఎక్కువైన లక్షణాలు వచ్చాయి, మితంగా ఎక్కించినవారిలో అవి 6.3 శాతం మందికే వచ్చాయి. ఇలా నీరు ఎక్కువయ్యే ప్రమాదం తేలడంతో, జబ్బు తీవ్రతను తగ్గించడంలో ధారాళమైన పద్ధతికి ప్రయోజనమూ కనబడకపోవడంతో ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు.

ఇక జీర్ణశక్తి సంగతి. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం, రోజుకు అర లీటరు నుంచి లీటరు వరకు. పిత్తాశయం దానిలో 30 నుంచి 50 మిల్లీలీటర్లను దాచి, చిక్కబరిచి, కొవ్వు పదార్థం తిన్నప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. దాన్ని తీసేశాక రసం నేరుగా, నెమ్మదిగా పేగులోకి వస్తూనే ఉంటుంది. చాలామంది కొద్ది వారాల్లో మామూలుగా తినగలుగుతారు. కొందరికి కొంతకాలం విరేచనాలు పల్చగా అవుతాయి. పైత్య లవణాలు పెద్దపేగును రేపడం దీనికి కారణం కాబట్టి, అవి తగ్గకుండా ఇబ్బంది పెడితే కోలెస్టిరమిన్ అనే పొడితో అదుపు చేయవచ్చు. ఈ చిన్న ఇబ్బందిని మరో పాంక్రియాటైటిస్ దాడి పక్కన పెట్టి చూడమని మీ అమ్మగారికి చెప్పండి. మొదటిది తేలిగ్గా పోయినంత మాత్రాన రెండోది తేలిగ్గా పోతుందన్న హామీ లేదు. కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతిని 48 గంటల్లో కోలుకోకపోతే ఈ జబ్బు ప్రాణాంతకం కాగలదు.

ఆపరేషన్‌కు ప్రమాదాలే లేవని చెప్పను. ల్యాప్రోస్కోపీ ద్వారా పిత్తాశయం తీసేటప్పుడు అసలు పైత్యనాళానికి గాయం కావడం అన్నిటికంటే భయపడాల్సిన సమస్య. అది వెయ్యి ఆపరేషన్లలో రెండు నుంచి ఐదింటిలో జరుగుతుంది. అందుకే ఈ ఆపరేషన్ తరచుగా చేసే సర్జన్‌ను ఎంచుకోండి. లోపల అతుకులు ఎక్కువగా ఉంటే, నాళాలు స్పష్టంగా కనబడకపోతే, పొట్ట తెరిచి చేయడమో, పిత్తాశయంలో కొంత భాగాన్నే తీయడమో సర్జన్ నిర్ణయించవచ్చు. అది రోగి భద్రత కోసం తీసుకునే నిర్ణయం, దాన్ని వైఫల్యంగా చూడకండి.

షుగర్ అదుపులో ఉంది గనుక అది అడ్డంకి కాదు, కానీ మాత్రల పేర్లు చాలా ముఖ్యం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడుతుంటే వాటిని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది. లేకపోతే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. రక్తం పల్చబడే మందులున్నా చెప్పండి. ఏ మందునూ మీరుగా ఆపకండి, మత్తు ఇచ్చే వైద్యుడు చెప్పినట్టే చేయండి. పాంక్రియాటైటిస్ తర్వాత కొందరిలో షుగర్ అదుపు తప్పుతుంది కాబట్టి ఈ మూడు వారాల రీడింగులు రాసి ఉంచితే సర్జన్‌కు పనికొస్తాయి. లైపేజ్‌ను మాత్రం మళ్లీ మళ్లీ చేయించకండి. రోగ నిర్ధారణకు అది చక్కటి పరీక్షే గానీ, ఆ అంకె పెరగడం తగ్గడాన్ని బట్టి జబ్బు తీవ్రతను చెప్పలేం.

ఆపరేషన్ తేదీ వచ్చేదాకా కొవ్వు తక్కువగా ఉండే ఆహారం కొద్దికొద్దిగా పెట్టండి. దీనివల్ల నొప్పులు కొంత తగ్గవచ్చు గానీ రాయి జారకుండా ఆపడం ఆహారంతో సాధ్యం కాదు. పైకడుపులో నొప్పి అరగంట దాటినా, వాంతులు ఆగకపోయినా, చలితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, అది పగలైనా రాత్రైనా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీతో పాటు అల్ట్రాసౌండ్, ఎమ్మార్‌సీపీ, సీటీ రిపోర్టులు, మొదటి రోజు రక్తపరీక్షలు పట్టుకెళ్లండి, కాలేయ పరీక్షలు మామూలు స్థితికి వచ్చాయో లేదో మరొకసారి చూపించండి. తీసిన పిత్తాశయాన్ని పాథాలజీ పరీక్షకు పంపమని అడగండి. ఆ రిపోర్టు మీ అమ్మగారు ఇంటికి వచ్చేశాక వస్తుంది కాబట్టి, కుట్లు చూపించడానికి వెళ్లిన రోజున దాన్ని తప్పకుండా తీసుకుని సర్జన్‌కు చూపించండి.