తప్పిన సర్వేలనూ దాచుకోవాలి

ఎన్నికల సర్వేల గురించి, సామాజిక అంశాలపై జరిగే అభిప్రాయ సేకరణల గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో ఒకే విషయానికి చెందినవాటిని ఈ సంచికలో ఒకచోట చేర్చాము. సర్వే ఫలితం పత్రికల్లో వచ్చిన తరువాత ఆ ప్రశ్నావళులు, జవాబులు ఏమవుతాయి, వాటిని ఎవరు, ఎలా భద్రపరచాలి అన్నదే ఆ విషయం.

ప్రశ్న: 2004లో ఎన్డీయేదే పైచేయి అని చెప్పిన సర్వేలు తప్పాయి. 2024లో చాలా ఎగ్జిట్ పోల్స్ అదే కూటమికి 350కి పైగా స్థానాలు ఇస్తే, వచ్చినవి 293. ఇలా తప్పని తేలిపోయిన సర్వేలను భద్రపరచడం వల్ల ప్రయోజనం ఏమిటి?
– ఒక అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, తప్పిన సర్వేనే ముందుగా దాచాలని నా అభిప్రాయం. ఫలితంతో సరిపోయిన సర్వే ఎందుకు సరిపోయిందని సాధారణంగా ఎవరూ అడగరు. అది మంచి పద్ధతి వల్ల సరిపోయిందో, రెండు పొరపాట్లు ఒకదానినొకటి కొట్టివేయడం వల్ల సరిపోయిందో బయటివారికి తెలిసే అవకాశమే ఉండదు. తప్పిన సర్వే మాత్రం, దాని ముడి సమాచారం మిగిలి ఉంటే, తప్పు ఎక్కడ జరిగిందో చెబుతుంది.

ఇందుకు అమెరికాలో జరిగిన ఒక ఉదంతాన్ని వివరంగా చెప్పాలి. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక 1936 అధ్యక్ష ఎన్నికకు ముందు సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పోస్టులో పంపింది. తిరిగివచ్చిన దాదాపు 23 లక్షల బ్యాలెట్లను లెక్కపెట్టి, రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తారని ప్రకటించింది. ఎన్నికలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలుచుకున్నారు. పత్రిక తన చిరునామాలను టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు యజమానుల జాబితాల నుంచి తీసుకున్నదనీ, ఆర్థిక మాంద్యం కాలంలో ఈ రెండూ లేని పేదల గొంతు అందులో వినబడలేదనీ గణాంక శాస్త్ర పాఠ్యపుస్తకాలు దశాబ్దాలపాటు చెబుతూ వచ్చాయి. అయితే 1937లో గాలప్ అనే సర్వేల సంస్థ తన సర్వేలో ప్రజలను, డైజెస్ట్ బ్యాలెట్ మీకు అందిందా, అందితే తిప్పి పంపారా అని కూడా అడిగింది. ఆ జవాబులు భద్రంగా ఉన్నందువల్ల, 50 ఏళ్ల తరువాత, 1988లో, పెవెరిల్ స్క్వైర్ అనే రాజనీతి శాస్త్రవేత్త వాటిని మళ్లీ పరిశీలించగలిగారు. జాబితాలో లోపం ఉన్న మాట నిజమే. కానీ బ్యాలెట్ అందినవారందరూ తిప్పి పంపి ఉంటే, అంతరం తప్పినా, గెలిచేది రూజ్‌వెల్టేనని డైజెస్ట్ చెప్పగలిగి ఉండేదని ఆయన తేల్చారు. అంటే, జవాబు ఇవ్వనివారికీ ఇచ్చినవారికీ మధ్య ఉన్న తేడాను ఎవరూ పట్టించుకోకపోవడం కూడా అంతే పెద్ద లోపం. ఫోన్ ఎత్తని, తలుపు తీయని, 'మాకెందుకండీ' అని తప్పించుకునే ఓటర్ల సంఖ్య పెరుగుతున్న మన కాలానికి ఇంతకన్నా పనికివచ్చే పాఠం లేదు. ఆ పాఠం 1937లో ఎవరో దాచిపెట్టిన జవాబుల నుంచి వచ్చింది.

బ్రిటన్‌లో 2015 పార్లమెంటు ఎన్నికల సర్వేలు తప్పినప్పుడు, సర్వే సంస్థలే తమ ముడి సమాచారాన్ని స్వతంత్ర విచారణ బృందానికి అప్పగించాయి. ప్యాట్రిక్ స్టర్గిస్ నాయకత్వంలోని ఆ బృందం, నమూనాలు మొత్తం ఓటర్లకు ప్రాతినిధ్యం వహించకపోవడమే ప్రధాన కారణమని 2016లో బహిరంగంగా ప్రకటించింది. మన దగ్గర ఫలితాల మరునాడు టీవీ చర్చల్లో క్షమాపణలో సమర్థనలో వినబడతాయి. నెల తిరగకముందే అందరూ మరచిపోతారు. 2018 తెలంగాణ శాసనసభ ఎన్నికలలో మహాకూటమిదే గెలుపని మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ చెప్పిన సంఖ్యలూ, తెరాస గెలిచిన 88 స్థానాలూ అందరికీ గుర్తున్నాయి. ఎవరిని అడిగారు, ఏమని అడిగారు, ఎందరు జవాబు ఇవ్వలేదు అన్నవే ఆ సంఖ్యల కన్నా విలువైనవి.

ప్రశ్న: సర్వే శాతాలు దినపత్రికలలో వస్తూనే ఉంటాయి. పాత పత్రికలు గ్రంథాలయాలలో దొరుకుతాయి. అది చాలదా?
– ఒక పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: చాలదు. పత్రికలో వచ్చేది శాతం మాత్రమే, దాన్ని పుట్టించిన ప్రశ్న సాధారణంగా రాదు. 1940 ప్రాంతంలో డొనాల్డ్ రగ్ అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని ఒక బృందాన్ని అడిగితే, అభిప్రాయం చెప్పినవారిలో 75 శాతం అనుమతించరాదన్నారు. అవే ప్రసంగాలను నిషేధించాలా అని మరొక బృందాన్ని అడిగితే, నిషేధించాలన్నవారు 54 శాతమే. తర్కానికి రెండూ ఒకటే అయినా, జవాబులలో 20 శాతానికి పైగా తేడా వచ్చింది. ప్రశ్న పాఠం లేకుండా ఈ రెండు శాతాలను ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే, దేశమంతా మనసు మార్చుకున్నదని వ్యాసం రాసేస్తారు.

మన దేశం నుంచే ఇంకొక ఉదాహరణ చెబుతాను. ఢిల్లీలోని ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్, అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం కలిసి 2011–12లో 42,000కు పైగా కుటుంబాలలో జరిపిన మానవాభివృద్ధి సర్వేలో, మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా అని నేరుగా అడిగారు. లేదన్నవారిని అక్కడితో వదలలేదు. షెడ్యూల్డ్ కులాల వ్యక్తి మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఇబ్బంది ఉంటుందా అని మళ్లీ అడిగారు. రెండు ప్రశ్నలనూ కలిపి చూస్తే, ఏదో ఒక రూపంలో పాటిస్తామన్న కుటుంబాలు సుమారు 27 శాతం. రెండవ ప్రశ్న లేకపోతే ఆ సంఖ్య ఇంతకంటే తక్కువగా కనిపించి, మనల్ని మనం అభినందించుకునేవాళ్లం. ఆ సర్వే ప్రశ్నావళీ, కుటుంబాల వారీ సమాచారమూ మిషిగన్ విశ్వవిద్యాలయంలోని ఐసీపీఎస్ఆర్ భాండాగారంలో ఉన్నాయి. పేరు నమోదు చేసుకుని ఎవరైనా దించుకోవచ్చు, మీరు కూడా.

కాబట్టి దాచవలసినవాటిలో ప్రతి ప్రశ్నకూ యథాతథ పాఠం, ప్రశ్నల వరుస, అడిగిన భాష, సర్వే జరిగిన తేదీలు, నమూనాను ఎంచుకున్న తీరు, నిరాకరించినవారి సంఖ్య, వెయిటేజీ లెక్క (నమూనాలో తక్కువగా వచ్చిన వర్గాల జవాబులకు ఎక్కువ బరువు ఇచ్చే లెక్క), జవాబులకు ఇచ్చిన కోడ్‌ల పట్టిక (కోడ్‌బుక్), చివరగా ఒక్కొక్క వ్యక్తి జవాబుల వరుస ఉండాలి. తేదీ చిన్న విషయమనిపిస్తుంది కానీ, ఒక సంఘటనకు ముందు వారం అడిగిన ప్రశ్నకూ తరువాతి వారం అడిగిన ప్రశ్నకూ ఉన్న తేడా అంతా దానిలోనే ఉంటుంది.

ప్రశ్న: మా సంస్థ సర్వేలు చేస్తుంది. ఫైళ్లన్నీ సర్వర్లో ఉన్నాయి. ఇంకా ఆర్కైవ్ (భాండాగారం) ఎందుకు?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఫైలు ఉండటం వేరు, 30 ఏళ్ల తరువాత దాన్ని చదవగలగడం వేరు. ఒకప్పటి సర్వే జవాబులు 80 నిలువు వరుసల పంచ్ కార్డులలో ఉండేవి. కార్డులు ఆదా చేయడానికి ఒకే వరుసలోని 12 స్థానాలలో అనేక జవాబులను కలిపి రంధ్రాలు కొట్టేవారు. తరువాతి సాఫ్ట్‌వేర్‌కు ఆ పద్ధతి నేరుగా అర్థం కాదు. అందువల్ల భాండాగారాలలో పనిచేసేవారు ఆ పాత ఫైళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, కోడ్‌బుక్‌తో సరిచూసి, కొత్త రూపంలోకి మార్చవలసి వచ్చింది. కోడ్‌బుక్ పోయిన ఫైలులో 1, 2, 9 అన్న అంకెలు మిగులుతాయి తప్ప అర్థం మిగలదు. సంస్థ చేతులు మారినా, సర్వర్ అద్దె కట్టడం మానేసినా మీ ఫైళ్ల గతి ఏమిటో కూడా ఆలోచించండి.

ప్రశ్న: ఇలాంటి భాండాగారాలు ఎక్కడ ఉన్నాయి? మన దేశంలో లేవా?
– ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: వీటిలో పేరుమోసినది అమెరికాలోని రోపర్ సెంటర్. సర్వేల రంగంలో తొలితరం వ్యక్తి ఎల్మో రోపర్ 1947లో విలియమ్స్ కళాశాలలో తన సర్వేల పత్రాలతో దీన్ని ఆరంభించారు. పోటీదారైన గాలప్ సంస్థ సర్వేలు కూడా అక్కడికే చేరాయి. వ్యాపారంలో పోటీపడిన సంస్థలు తమ ముడి సమాచారాన్ని ఒకే కప్పు కింద ఉంచడానికి ఒప్పుకోవడం నన్ను ఇప్పటికీ కదిలించే విషయం. అది తరువాత కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి, 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. జర్మనీలోని కొలోన్‌లో 1960 నుంచి, బ్రిటన్‌లోని ఎసెక్స్‌లో 1967 నుంచి ఇటువంటి కేంద్రాలు నడుస్తున్నాయి. రోపర్ సెంటర్లో ఉన్న 1936–45 నాటి సర్వేలను ఆడమ్ బెరిన్‌స్కీ, ఎరిక్ షిక్లర్ అనే పరిశోధకులు ఈ శతాబ్దంలో మళ్లీ బయటికి తీశారు. ఏ వర్గం వారిని ఎందరిని అడగాలో ముందే నిర్ణయించే ఆనాటి కోటా పద్ధతి వల్ల స్త్రీలు, నల్లజాతివారు, దక్షిణాది ప్రజలు తక్కువగా నమోదయ్యారని గుర్తించి, వెయిటేజీలు సవరించి, రెండవ ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ల అభిప్రాయాలను కొత్తగా చదివేందుకు వీలు కల్పించారు.

మన దేశంలో ఎరిక్ డా కోస్టా 1950లలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ ద్వారా సర్వేలకు నాంది పలికారు. రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ 1963లో ఢిల్లీలో స్థాపించిన పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్, 1967లో జాతీయ ఎన్నికల అధ్యయనం చేపట్టింది. 1971 తరువాత ఆ వరుస సక్రమంగా సాగలేదు. 1996 నుంచి మళ్లీ ప్రతి లోక్‌సభ ఎన్నికకూ జరుగుతోంది. సీఎస్‌డీఎస్‌లోని లోక్‌నీతి విభాగం వారు ఓటర్ల జాబితా నుంచి పేర్లు ఎంచుకుని, ఇంటికి వెళ్లి, స్థానిక భాషలో అడుగుతారు. ఎవరికి ఓటు వేశారన్న జవాబును నమూనా బ్యాలెట్ పత్రం మీద గుర్తుపెట్టి పెట్టెలో వేయమంటారు. ఆ సమాచారాన్ని తమ డేటా యూనిట్‌లో భద్రపరుస్తారు. ఈ పని ఇంత కాలంగా చేస్తున్నందుకు వారికి మనం రుణపడి ఉన్నాము.

ప్రైవేటు సంస్థల విషయంలో ఇటువంటి అలవాటు ఇంకా బలపడలేదు. పోలింగ్ పూర్తయ్యేవరకు ఎగ్జిట్ పోల్ ఫలితాలను వెల్లడించరాదని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ చెబుతుంది; ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ఎప్పుడు ప్రకటించకూడదో ఆ సెక్షన్ చెప్పింది కానీ, ప్రకటించాక పత్రాలను ఏం చేయాలో చెప్పలేదు. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ఎన్‌టీఆర్ గెలిచిన 1983 ఎన్నికను తీసుకోండి. నియోజకవర్గాల వారీ ఓట్లన్నీ ఎన్నికల సంఘం నివేదికలో దొరుకుతాయి. ఆ ఓటరు మనసులో ఏమున్నదో ఆ నివేదిక చెప్పలేదు. ఆనాటి ఓటర్లలో చాలామంది ఇప్పుడు లేరు. వారిని మళ్లీ అడగలేము.

ప్రశ్న: నా కులం, నేను ఎవరికి ఓటు వేశాను వంటివి చెప్పాను. అవి ఆర్కైవ్‌లో ఉంటే నాకు ప్రమాదం కాదా?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: మీ భయం న్యాయమైనది. పేరు, ఫోన్ నంబరు తీసివేసినంత మాత్రాన సరిపోదు. ఒక చిన్న ఊరి పేరు, కులం, వయసు, వృత్తి నాలుగూ కలిస్తే ఆ ఊరివారు మనిషిని ఇట్టే గుర్తుపడతారు. అందుకే మంచి భాండాగారాలు ఊరి పేరు తొలగించి జిల్లా వరకే ఉంచుతాయి, వయసును అయిదు, పదేళ్ల తరగతులుగా మారుస్తాయి, ఉపజాతి వంటి వివరాలను ఒప్పందపత్రం మీద సంతకం చేసిన పరిశోధకులకు మాత్రమే చూపుతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు, భద్రపరచడానికి, గణాంకాలకు మినహాయింపు ఇస్తూనే, ఆ సమాచారంతో ఏ ఒక్క వ్యక్తి గురించీ నిర్ణయం తీసుకోకూడదని షరతు పెట్టింది. మీ ఇంటికి సర్వే వారు వచ్చినప్పుడు, ఈ జవాబులు ఎవరి దగ్గర ఉంటాయి, నా పేరు ఎప్పుడు తీసివేస్తారు అని అడగండి. సూటిగా చెప్పలేనివారికి జవాబు ఇవ్వకపోవడం మీ హక్కు.

ప్రశ్న: మద్యపానం, బాల్యవివాహాలపై మా కళాశాల విద్యార్థులు కొన్ని గ్రామాలలో సర్వే చేశారు. ఇంత చిన్నవాటిని కూడా దాచవచ్చా?
– ఒక సామాజిక శాస్త్ర శాఖ సభ్యుడు, శ్రీకాకుళం

జవాబు: తప్పకుండా దాచండి. జాతీయ సర్వేలలో ఒక జిల్లాకు దక్కేది కొద్ది మంది జవాబులే. మీ గ్రామాల సంగతి మీ సర్వేలోనే ఉంటుంది. ముందుగా తెలుగు ప్రశ్నావళిని, విద్యార్థులు నిజంగా అడిగిన మాటలతో సహా, యూనికోడ్‌లో టైపు చేయించండి. పాత అను ఫాంట్లలో ఉన్న ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. జవాబుల పట్టికను ఎక్సెల్‌తో పాటు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే సాదా పాఠమైన సీఎస్‌వీ రూపంలో కూడా ఉంచండి. గ్రామాలను, ఇళ్లను ఎలా ఎంచుకున్నారో, ఎన్ని తలుపులు మూసి ఉన్నాయో, ఎవరు నిరాకరించారో ఒక పేజీలో రాయించండి. ఆ పిల్లలు కళాశాలలో ఉండగానే ఈ పేజీ రాయించడం ముఖ్యం, ఎందుకంటే ఏడాది తిరిగితే ఆ వివరాలు వారికే గుర్తుండవు. బాల్యవివాహం జరిగిన ఇంటిని గుర్తుపట్టే వీలున్న ప్రతి వివరాన్నీ తొలగించాక, ఒక ప్రతిని మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వండి, మరొక ప్రతిని ఆన్‌లైన్ భాండాగారాలైన హార్వర్డ్ డేటావర్స్‌లోనో, ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడోలోనో ఉంచండి. ఆ రెండింటిలోనూ రుసుము లేకుండా జమ చేయవచ్చు, జమ చేసిన సర్వేకు శాశ్వత గుర్తింపు సంఖ్య కూడా లభిస్తుంది.